నలభై నాలుగులో లేని ప్రశ్న

అరుణశ్రీ అనే అమ్మాయి నన్ను నలభై నాలుగు ప్రశ్నలు అడిగింది. నలభై నాలుగింటికీ దానమ్మ జవాబు చెప్పింది.

దానమ్మ నా భార్య. నేను తక్కువ మాట్లాడతాను. ముప్పై ఏడేళ్లు సాలూరు నుంచి కోరాపుట్, రాయపూర్ లైను లారీ నడిపాను. ఆ ఇంజను మోతలో పక్కనున్న క్లీనరుతో కూడా సైగలే. చూపు తగ్గాక బండి దిగాను గాని, మాటలు అప్పుడు కొత్తగా ఎక్కడి నుంచి వస్తాయి? మా ఇంట్లో ఇద్దరి మాటలూ దానమ్మే మాట్లాడుతుంది.

కిందటేడు ఆగస్టులో నాకు పక్షవాతం వచ్చింది. చెయ్యీ కాలూ రెండు నెలల్లో తిరిగొచ్చాయి. గొంతుకి మింగే పట్టు మాత్రం రాలేదు. నీళ్లు తాగితే దారి తప్పి ఊపిరిలోకి పోతాయి. పొడి అన్నం నోట్లో తిరుగుతుందే గాని కిందికి దిగదు. అందుకని ప్రతి మంగళవారం ఆస్పత్రికి వెళ్తాను. అక్కడ ఈ అరుణశ్రీ మింగడం నేర్పుతుంది. పాతపట్నం పిల్ల, ఇంకా చదువుకుంటూనే పనిచేస్తోంది. మింగడం కూడా ఒకరు నేర్పాలా అని మొదట్లో నవ్వుకున్నాను. తర్వాత నవ్వలేదు.

ఆ ప్రశ్నల కాగితం వేరే దేశంలో డాక్టర్లు తయారు చేసుకున్నది. మింగలేనివాళ్ల బతుకు ఎలా సాగుతోందో ఆ కాగితంతో అడిగి, మార్కులు వేస్తారట. దాన్ని అరుణశ్రీ తెలుగులోకి మారుస్తోంది. మార్చింది మార్చినట్టు వాడకూడదు, ముప్పై మంది రోగులకు చదివి వినిపించి, ఏ ప్రశ్న అర్థమైందో ఏది కాలేదో రాసుకోవాలి. ఆ ముప్పై మందిలో నేను ఒకణ్ణి.

"తాతా, నేను చదువుతాను, మీరు జవాబు చెప్పాలి. అయిదు జవాబులుంటాయి. ఎల్లప్పుడూ, చాలాసార్లు, కొన్నిసార్లు, అరుదుగా, ఎప్పుడూ లేదు."

"అరుదుగా అంటే ఏటి పాపా?" అంది దానమ్మ.

"ఎప్పుడో ఒకసారి అని, మామ్మా."

"మరలాగే రాయొచ్చు కదా. సిరాకి కరువా?"

అరుణశ్రీ నవ్వి, పెన్సిలుతో ఏదో గీసుకుంది. తర్వాత గొంతు సవరించుకుని చదివింది.

"మ్రింగుటయందు గల ఇబ్బంది వలన నా దైనందిన జీవితము దుర్భరముగా నున్నది."

దానమ్మ కళ్లు మూసుకుని, "ఆమేన్," అంది.

"మామ్మా, ఇది ప్రార్థన కాదు!"

"అలాగే ఉన్నాది మరి. మా పాస్టరుగారు కూడా ఇంత కట్టంగా సెప్పరు."

ఆ పిల్ల అది కూడా రాసుకుంది. కోపం తెచ్చుకోలేదు. తర్వాతవి తనే విప్పి, మామూలు మాటల్లో అడిగింది.

"తినేటప్పుడు దగ్గొస్తోందా తాతా?"

"నేదు నేదు," అంది దానమ్మ. "నీల్లే ఇవ్వను. అంబలి సిక్కగా కాసి సెంచాతో పెడతాను."

"మిగతావాళ్ల కంటే ఈయనకి తినడానికి ఎక్కువసేపు పడుతోందా?"

"మిగతావోల్లు ఎవలున్నారు పాపా? నాను ముందు తినీసి గిన్నెలు తోముకుంటాను. ఈయనొక్కడే తింటాడు."

"అయితే ఏం రాయమంటారు?"

"నేదని రాయి."

"మింగే ఇబ్బంది వల్ల హోటల్లో తినడం మానేశారా?"

"ఇబ్బంది వల్ల కాదు, నానే ఎల్లనివ్వను. ముప్పై ఏడేళ్లు తిన్నాడు ఆ తిండి. సాలు."

అదీ 'లేదు'లోకి పోయింది.

"ఈ నెలలో తిండి మీద ఇష్టం లేక తినకుండా ఉన్న రోజులు ఎన్ని?"

"ఈస్టరు ముందు శ్రమల దినాలు కదా. పగలు ఉపాసమే ఉంటాము, నలభై రోజులూ."

"అది జబ్బు వల్ల కాదు కదా మామ్మా?"

"జబ్బు వల్ల కాదు, పెబువు వల్ల."

నేను పక్కన కూర్చుని విన్నాను. అడ్డం చెప్పలేదు. మా వైపు తిండి గురించి వంక చెబితే వండినదాన్ని అన్నట్టే. కష్టంగా ఉందని నేను అంటే అది దానమ్మ అంబలిని అన్నట్టు. దానమ్మ పక్కనే కూర్చుని ఉండగా ఏ మొగుడు అంటాడు?

అరుణశ్రీ కూడికలు వేసి, కాగితం వైపూ నా వైపూ చూసింది. "నూటికి తొంభై వస్తోంది తాతా. మీకు బాగానే ఉన్నట్టే," అంది. ఆ మాట తనే నమ్మినట్టు లేదు. పది నిమిషాల ముందు అదే గదిలో, రెండు చెంచాల నీళ్లకి నేను ఎంతసేపు దగ్గానో తను చూసింది.

దానమ్మకి మాత్రం ఆ తొంభై బాగా నచ్చింది. ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి వాకిట్లో అందరికీ చెప్పింది. సంఘ పెద్ద భాస్కర్ దగ్గరికి వెళ్లి మరీ చెప్పింది.

భాస్కర్ ట్రెజరీలో గుమాస్తాగా చేసి రిటైరైన మనిషి. ఏ విషయాన్నైనా కాగితం మీద ఉంటేనే నమ్ముతాడు. "తొంభై! చాలా సంతోషం గంగులన్నా," అన్నాడు. "అంటే నీకు ఇంటిదగ్గర ఏర్పాటు చేసి సంఘం మంచి పనే చేసిందన్నమాట. డాక్టర్లే మార్కులేసారు."

దానమ్మ ముఖంలో నవ్వు ఆగిపోయింది. ఇంటికొచ్చే దారంతా ఆ తొంభై నా చెవిలో మోగుతూనే ఉంది.

ఆ ఏర్పాటు సంగతి చెప్పాలి.

మా చర్చిలో నెల నెలా మొదటి ఆదివారం ప్రభువు బల్ల ఉంటుంది. రొట్టె ముక్కా, చిన్న కప్పులో ద్రాక్షరసమూ బెంచీ బెంచీకీ అందిస్తారు. అందినవాళ్లు అందినట్టు తినెయ్యకూడదు. చివరి మనిషి చేతికి అందేవరకు పట్టుకుని ఉండాలి. పాస్టరుగారు మాట చెప్పాక అందరం ఒక్కసారే నోట్లో పెట్టుకుంటాం, ఒక్కసారే తాగుతాం.

నేను దానమ్మని చేసుకోవడానికి బాప్తిస్మం తీసుకున్నవాణ్ణి. అప్పటి పాస్టరుగారు కొత్త పేరు పెడతానంటే వద్దన్నాను. లైసెన్సు మీద గంగులని ఉంది, మార్చాలంటే విజయనగరం తిరగాలి. గంగులుగానే నీళ్లలో మునిగాను, గంగులుగానే లేచాను. నాకు పాట రాదు. ప్రార్థన చెయ్యమంటే నోరు పెగలదు. సాక్ష్యం చెప్పమని నలభై ఏళ్లుగా అడిగి అడిగి మానేశారు. ఆ చర్చిలో నేను అందరితో సమానంగా, అందరితో పాటు చెయ్యగలిగింది అదొక్కటే. దానికి మాట అక్కర్లేదు. నోరు తెరిచి మింగితే చాలు.

జనవరి మొదటి ఆదివారం ఆ మింగడమే తప్పింది. రసం ఊపిరిలోకి పోయి, దగ్గు తన్నుకొచ్చి, నోట్లో ఉన్నదంతా ముందు బెంచీలో ఉన్న భాస్కర్ తెల్లచొక్కా మీద పడింది. వీపంతా ఎర్రటి చుక్కలు. నాకు ఊపిరాడలేదు. ఎవరో గుండెపోటన్నారు, ఎవరో విసనకర్ర తెమ్మన్నారు. ఆరాధన పావుగంట ఆగింది.

తర్వాతి వారం పెద్దలు కూర్చుని తీర్మానం చేశారు. గంగులుకి ఇకనుంచి బల్ల ఇంటిదగ్గరే ఇవ్వాలి, మంచం పట్టినవాళ్లకి ఇచ్చినట్టు. ఫిబ్రవరిలో చిన్న పెట్టె పట్టుకుని మా ఇంటికొచ్చారు. నేను మంచం పట్టలేదు కదా, లారీ స్టాండు వైపు నడిచి వెళ్లిపోయాను. మార్చిలో మళ్లీ వచ్చారు. ఇంట్లోనే ఉన్నాను గాని, నోరు తెరవలేదు. పెట్టె రెండుసార్లూ తెచ్చింది తెచ్చినట్టే వెనక్కి పోయింది. మూడు నెలలైంది నేను బల్ల తీసుకుని. ఇప్పుడు ఆ కాగితం వచ్చి, వీడికి అలాగే బాగుంది అని నా మీద సాక్ష్యం చెబుతోంది.

మంగళవారం దానమ్మని ఇంటిదగ్గరే వదిలేసి, ఒక్కణ్ణే ఆస్పత్రికి వెళ్లాను.

"మామ్మ రాలేదేం తాతా?" అంది అరుణశ్రీ.

"ఆ కాగితం అబద్ధం," అన్నాను.

ఆ పిల్ల కుర్చీలో వెనక్కి వాలింది. నేను అన్ని మాటలు ఒక్కసారి చెప్పడం తను ఎప్పుడూ వినలేదు.

"మీరు చెప్పిందే కదా రాశాను?"

"నివ్వు అడిగిందే కదా సెప్పేము."

ఆ పిల్ల పెన్సిలు తీసుకుంది. "సరే. నేనేం అడగాలో మీరు చెప్పండి."

నాకు వెంటనే రాలేదు. ఆ పిల్ల తొందరపెట్టలేదు, అది దానికున్న మంచి గుణం. బయట ఎవరో బల్లమీద స్టీలు గిన్నె పెట్టిన చప్పుడు విని, అప్పుడు నోరు తెరిచాను.

"దగ్గొస్తాదా అని అడిగేవు. ఇంట్లో రాదు. దగ్గొచ్చేది తినడం నేదు కాబట్టి రాదు. అందరికంటే ఎక్కువసేపు తింటావా అని అడిగేవు. అందరూ ఏరీ? గొంతులో ముద్ద దిగుతాదా అని కాదమ్మా. నలుగుర్లో కూకుని దించుకోనిస్తన్నారా అని అడుగు."

అరుణశ్రీ రాయడం ఆపి నా ముఖంలోకి చూసింది. "ఎవరు కూర్చోనివ్వడం లేదు తాతా?"

చెప్పాను. చర్చి, కప్పు, తెల్లచొక్కా, పెట్టె, అన్నీ. పది నిమిషాలు పట్టింది. నా జన్మలో అది పెద్ద ఉపన్యాసం.

విని, తల పట్టుకుంది. "నేను కొత్త ప్రశ్న కలపలేను తాతా. మా పెద్ద మేడమ్ ఒప్పుకోరు. అక్కడ నలభై నాలుగుంటే ఇక్కడా నలభై నాలుగే ఉండాలి. లేకపోతే వాళ్ల మార్కులకీ మన మార్కులకీ పోలిక కుదరదు."

"ఓటల్లో తినే ప్రశ్న మనకెందుకు?"

"అది..." ఆగింది. "ఒక ప్రశ్న మన వాళ్లకి అతకదని ఎక్కువమంది రోగులు చెబితే, దాని బదులు అదే సంగతి అడిగే ఇంకో ప్రశ్న పెట్టొచ్చు. అందుకు రూలుంది."

"ఎక్కువమంది అంటే?"

"ఒక్కరు చాలరు."

లేచి వరండాలోకి వెళ్లాను. బెంచీ మీద ఇద్దరున్నారు. గున్నమ్మ అని పాచిపెంట వైపు ముసలామె, చుట్ట నిప్పు నోట్లోకి పెట్టి అడ్డపొగ తాగి తాగి అంగిట్లో పుండు వస్తే కోశారు. నాగబాబు అని నలభై ఏళ్లవాడు, ఆటో తోలుతాడు, నాలుక సగం తీసేశారు. నెలల తరబడి పక్క పక్కన కూర్చున్నాం గాని వాళ్లతో ఒక్క మాటా ఆడలేదు నేను. ఎదురుగా నిలబడి, "నలుగుర్లో తినడం ఎక్కడ మానీసేరు?" అన్నాను.

గున్నమ్మ పైకి కిందికి చూసింది. "మూగోడివనుకున్నానే! నీకు మాటలొచ్చా?"

"వచ్చు. సెప్పు."

"పెల్లిల్లకి ఎల్లడం మానీసేను. బంతిలో కూకుంటే పక్కదాయి తన ఇస్తరి అటు జరుపుకుంటాది, నా నోట్లోది పడతాదని. మా సొంత మరదలే జరిపీసినాది. ఇంకెల్లలేదు."

నాగబాబు మాట ముద్దగా వస్తుంది. "స్టాండులో టీ," అన్నాడు. "గ్లాసు వేరే ఇచ్చేడు. అంటురోగమేటి నాకు?"

వాళ్లిద్దరినీ గదిలోకి తీసుకెళ్లి, "సెప్పండి," అన్నాను. గున్నమ్మ చెప్పింది. మరదలిని తిడుతూ చెప్పింది. మిగిలినవాళ్లని కూడా ఇదే మాట అడగమని అరుణశ్రీకి మేమే పురమాయించాం. సాయంత్రానికి ఆ పిల్ల ఫోన్లు చేసి పంతొమ్మిది మందిని అడిగిందట. హోటలు ప్రశ్న తమకి పట్టదని పదహారు మంది అన్నారట.

మర్నాడు నన్ను పిలిపించి కొత్త ప్రశ్న చదివి వినిపించింది. "మింగడానికి ఇబ్బంది అని, నలుగురూ కలిసి తినే చోటికి మీరు వెళ్లడం మానేశారా, లేక మిమ్మల్ని రావద్దన్నారా?" చదివి తనే తల అడ్డంగా ఊపింది. "ఒక ప్రశ్నలో రెండు అడక్కూడదు తాతా. ఏదో ఒకటే ఉంచాలి."

"రెండోది ఉంచు."

"మేడమ్ మొదటిది ఉంచమంటారు. అదే అసలు దానికి దగ్గర."

"మొదటిదుంటే తప్పు మాది అవుతాది. రెండోది ఉంచు."

ఆ పిల్లకి ఒక్కసారి పాతపట్నం యాస వచ్చేసింది. "ఉంచుతాను తాతా! ఏటి సేస్తారో సూస్తాను." మొదటి సగం కొట్టేసింది. "వచ్చే సోమవారం మేడమ్‌కి పంపాలి. మరి దీనికి మీ జవాబు? 'ఎల్లప్పుడూ' అని వేసుకోనా?"

"వెయ్యకు. ఆదివారం ఎల్తన్నాను."

వచ్చే ఆదివారం నెలలో మొదటిది, బల్ల ఇచ్చే రోజు. నేను ఎక్కడికి వెళ్తానన్నానో తనకి అర్థమై, ముఖం మారింది. పలచటి రసం తాగితే ఊపిరితిత్తుల్లో చేరి జ్వరం వస్తుందని, అది ప్రాణం మీదికి తెస్తుందని గట్టిగా చెప్పింది. తేనెలా చిక్కగా ఉంటేనే తాగాలి. గడ్డం ఛాతీకి ఆనించాలి. చుక్క చుక్కగా తీసుకుని, ప్రతి చుక్కకీ రెండుసార్లు మింగాలి. రొట్టె రసంలో నానితేనే. రెండు రోజులు తేనెతో నా చేత అదే పని చేయించింది. చిన్న కప్పు ఖాళీ కావడానికి పన్నెండు నిమిషాలు పట్టింది.

"పన్నెండు నిమిషాలు ఆగుతారా వాళ్లు?" అంది.

నేను కప్పు కడిగి బోర్లించాను.

గురువారం సాయంత్రం భాస్కరూ, పాస్టరు బెన్హరూ మా ఇంటికి వచ్చారు. పెట్టె భాస్కర్ చేతిలో ఉంది. బెన్హర్‌కి ముప్పై ఏళ్లుంటాయి, మా చర్చికి వచ్చి ఏడాది కాలేదు, పెద్దల మాట దాటలేడు.

"వందనాలు తాతగారూ," అన్నాడు.

"ఈ నెల ముందే ఇచ్చేద్దామని వచ్చాం," అన్నాడు భాస్కర్. "ఆదివారం ఎండలో నువ్వు రానక్కర్లేదు గంగులన్నా."

"వస్తాను."

"తొంభై మార్కులొచ్చాయి, సుఖంగా ఉన్నావు. మళ్లీ ఎందుకు చెప్పు?"

"ఆ మార్కులు తప్పు. కాగితం మారుస్తన్నారు."

భాస్కర్ కాగితాలు తప్పవుతాయంటే నమ్మే మనిషి కాదు. "సరే, కాగితం వదిలెయ్. బల్ల అందరూ ఒక్కసారి తీసుకోవాలి. నీకు పావుగంట పడుతుందని దానమ్మే చెప్పింది. నూట నలభై మంది నీ ఒక్కడి కోసం ఆగాలా?"

"ఆగాలి."

"ఎందుకాగాలి?"

"సుంకి ఘాటీలో లోడు బండి ఎక్కుతుంటే దిగే బండి ఆగుతాది. ఎంత పెద్దమనిషి కారైనా సరే, పక్కకి తీసి ఆగుతాది. ఎక్కేవోడు బరువు మీదుంటాడు. మధ్యలో ఆపితే మల్లీ కదల్లేడు. ముప్పై ఏడేళ్లు నాను ఎంతమందికి ఆగేనో నీకు తెల్దు."

"చర్చి ఘాటీ రోడ్డేటి?" అన్నాడు భాస్కర్. కోపం వస్తే అతనికీ ఊరి మాటే వస్తుంది.

వంటింట్లోంచి దానమ్మ గొంతు వినిపించింది. "భాస్కర్ తమ్ముడూ, ఆ సొక్కా మరక ఇంకా పోనేదా? ఇలా తెచ్చి పడీ, నాను ఉతికిస్తాను. మూడు నెల్లనుంచి మోస్తన్నావు పాపం."

బెన్హర్ నవ్వు ఆపుకోవడానికి తల దించుకున్నాడు. తర్వాత మెల్లగా అన్నాడు. "తాతగారూ, నాకైతే అభ్యంతరం లేదు. కాని మళ్లీ ఆ రోజులా జరిగితే? అందరూ భయపడ్డారు."

"నానూ బయపడ్డాను బాబూ. ఊపిరాడనిది నాకే కదా. అయినా వస్తాను."

పెట్టె మూడోసారి వెనక్కి పోయింది.

మా చర్చికి ద్రాక్షరసం కాచేది దానమ్మే. ఇరవై రెండేళ్లుగా అదే పని. నల్ల కిస్‌మిస్ రాత్రి నానబెట్టి, పొద్దున్న కాచి, పలచటి గుడ్డలో వేసి పిండుతుంది. నీళ్లలా ఉంటుంది. శనివారం పొద్దున్న పొయ్యి వెలిగించబోతుంటే వెళ్లి పక్కన నిలబడ్డాను.

"సిక్కగా కాయి," అన్నాను.

"ఏటి?"

"తేనెలాగ."

దానమ్మ గరిటె పక్కన పెట్టింది. "పెబువు బల్ల కూడా నీ ఒంటికి సరిపడా వండాలేటి మావా? నోటికొచ్చినట్టు మాటాడకు. భాస్కర్‌కి అంటే అన్నాను గాని, ఇందులో నాను సెయ్యి పెట్టను."

"ఆ నలభై నాలుగూ నివ్వు సెప్పేవు. ఒకటి నన్ను సెప్పనీ."

"సెప్పు. ఎవలాపేరు?"

చెప్పడం కష్టమైంది. కిస్‌మిస్ గిన్నెలోకి చూస్తూ చెప్పాను. "ఒక్కన్నీ తినలేకపోతన్నాను."

దానమ్మ చెంగుతో చేతులు తుడుచుకుంది. "నాను వండింది బాగోలేదని కాదు కదా?"

"కాదు."

"మరి దగ్గర కూకోమని సెప్పలేవేటి? ఎనిమిది నెల్లు బొమ్మలా కూకున్నావు. నోరు పడిపోనాదా?"

"నోరెప్పుడుందే నాకు."

ముక్కు చీదుకుని పొయ్యి వెలిగించింది. ఆ రోజు వడకట్టినాక రసాన్ని మళ్లీ పొయ్యెక్కించింది. ఇంకేమీ కలపలేదు, ఊరికే మరిగించింది. గరిటెకి అంటుకుని మెల్లగా జారేదాకా మరిగించింది. వంటిల్లంతా తియ్యటి వాసన.

"ఒక కప్పు నాకు పక్కన తీసి ఉంచు, సాలు," అన్నాను.

"నీకొకటీ ఊరికొకటీ కాయడానికి ఇదేటి, ఓటలా? అందరికీ ఇదే."

ఆదివారం చర్చి గుమ్మంలో భాస్కర్ ఎదురొచ్చాడు. "ఇక్కడ తలుపు దగ్గర కుర్చీ వేయించానన్నా, గాలొస్తుంది," అన్నాడు. నేను కుర్చీ పక్కనుంచి నడిచి వెళ్లి, నా మామూలు చోట, మూడో బెంచీలో కూర్చున్నాను. ముందు బెంచీలో ఉన్న ఇద్దరు వెనక్కి చూసి, ఒకరినొకరు చూసుకుని, కొంచెం పక్కకి జరిగారు. జరగనిచ్చాను.

రొట్టె వచ్చింది. పాస్టరు మాట చెప్పగానే అందరూ తిన్నారు. నేను గోరంత ముక్క వేళ్ల మధ్య పట్టుకుని కూర్చున్నాను. పక్కనున్న మనిషి మోచేత్తో పొడిచాడు. నేను మరిచిపోయాననుకున్నాడు.

కప్పులు రావడం ఆలస్యమైంది. రసం పొయ్యబోతే ధారగా పడటం లేదని వెనక గదిలో పెద్దలు గొణుగుతున్నారు. భాస్కర్ తలుపు సందులోంచి ఆడవాళ్ల వైపు చూశాడు. దానమ్మ పాటల పుస్తకం ముఖానికి అడ్డం పెట్టుకుంది. చివరికి ట్రేలు వచ్చాయి. బెన్హర్ ప్రార్థన చేసి మాట చెప్పాడు. నూట నలభై మంది తలలు వెనక్కి వంచి కప్పులెత్తారు. రసం దిగలేదు. అందరూ అలాగే పైకప్పు వైపు చూస్తూ, కప్పుల అడుగున వేలితో తడుతూ ఉండిపోయారు. వెనక ఎవరో, "ఇదేటి, పాకమా?" అన్నారు. ఒకామె నవ్వేసింది. ఆపుకోలేక ఇంకొకామె నవ్వింది.

నేను రొట్టె రసంలో ముంచాను. గడ్డం ఛాతీకి ఆనించి నోట్లో పెట్టుకున్నాను. మెత్తబడేదాకా ఆగాను. మింగాను. మళ్లీ మింగాను. దిగింది.

కప్పులోది చుక్క చుక్కగా మొదలుపెట్టాను. ఒకటి. రెండు. మూడో చుక్కకి గొంతులో గరగరమంది, దగ్గొచ్చింది. ఒక్కటే, కాని గట్టిది. నవ్వులు ఆగిపోయాయి. చర్చంతా నా వైపు తిరిగింది. ముందు బెంచీవాళ్లు లేచి నిలబడ్డారు. ఆడవాళ్ల వైపు దానమ్మ కూడా లేచింది. నేను చెయ్యెత్తి ఆగమన్నాను. నోరు గట్టిగా మూసుకుని, అరుణశ్రీ చెప్పినట్టు మళ్లీ ఒకసారి దగ్గి, మింగాను. రసం నోట్లోంచి ఒక్క చుక్క బయటికి రాలేదు. ముందు బెంచీవాళ్లు మెల్లగా కూర్చున్నారు. దానమ్మ మాత్రం కూర్చోలేదు.

భాస్కర్ ఖాళీ కప్పులు ఏరుకుంటూ నా దగ్గరికి వచ్చాడు. ట్రే నిండిపోయింది. వంగి, చెవిలో అన్నాడు. "మొదట నోట్లో పెట్టుకున్నావు కదా, లెక్కకి చాలు. ఇచ్చెయ్యన్నా. ముగింపు పాట పాడాలి."

కప్పు వంచి చూపించాను. సగం పైన ఉంది.

"జనం చూస్తున్నారు."

"సూడనీ," అన్నాను. నలభై ఏళ్లలో చర్చిలోపల నేను పైకి మాట్లాడిన మొదటి మాట అదే. ఆఖరి బెంచీదాకా వినబడింది.

కీబోర్డు దగ్గరున్న మనిషి పాట ఎత్తుకోమన్నట్టు పాస్టరు వైపు చూశాడు. బెన్హర్ భాస్కర్ వైపు చూశాడు. తర్వాత నన్ను చూసి, పాటల పుస్తకం మూసి, ప్రసంగ బల్ల మీద పెట్టాడు. చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఆడవాళ్లలోంచి ఎవరో ముసలామె, "కానీ నాయినా, మాకేటి తొందర," అంది.

ఫ్యాన్లు తిరుగుతున్నాయి. నేను ఇంకో చుక్క తీసుకున్నాను. రెండుసార్లు మింగాను. భాస్కర్ నా బెంచీ పక్కనే నిలబడిపోయాడు. ట్రే బరువుకి చెయ్యి మార్చుకున్నాడు. కొంతసేపటికి మళ్లీ మార్చుకున్నాడు. కప్పులో ఇంకా ఉంది.